నలకా, గీతా

డాక్టరమ్మ రెండు వేళ్ళు ఎత్తింది. చూపుడువేలూ మధ్యవేలూ జోడించి నా మొహానికి మూరెడు దూరంలో పెట్టి, తల కదపకుండా కళ్ళతో మాత్రమే వాటి వెంట రమ్మంది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. వెళ్తున్నాను. నాకిదేం కష్టం కాదు, నేను బతికేదే దీని మీద. మందుల ఫ్యాక్టరీలో ఇంజెక్షన్ సీసాలు చూసే పని నాది. దీపం వెలిగే బల్ల ముందు కూర్చుని ఒక్కొక్క సీసా ఎత్తి, నల్లట్ట ముందు ఒకసారి, తెల్లట్ట ముందు ఒకసారి పట్టి, లోపల ఏమైనా తేలుతోందా అని చూడాలి, ఆరేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు. కళ్ళు తిప్పి జీతం తెచ్చే పెళ్ళాం దొరికిందని మా ఆయన వెక్కిరిస్తుంటాడు. కళ్ళు అటూ ఇటూ ఆడిస్తే మనసు కుదుటపడేదైతే మా లైన్లో కూర్చునే పన్నెండుమందిమీ ఈపాటికి సన్యాసుల్లా ఉండాలి. టీ టైములో చూడాలి మమ్మల్ని, ఒకరినొకరు పీక్కుతింటాం. ఆవిడ వేలికి ఉంగరం తీసిన మచ్చ ఉంది, చుట్టూ తెల్లగా. ఎందుకు తీసింది? మెరిస్తే నా చూపు చెదురుతుందనా, లేక తన సంగతి నాకేమీ తెలియకూడదనా? నా సంగతి మాత్రం ఆవిడకు అంతా కావాలి. గడియారం నా వీపు వెనక గోడకు ఉంది, అంటే టైము ఆవిడొక్కదానికే కనిపించాలి. పక్కన కాగితపు రుమాళ్ళ పెట్టె, అందులో ఒకటి ముందే సగం పైకి లాగి ఉంది. నేను ఏడుస్తానని లెక్కేసుకునే కూర్చుంది. ఏడవను. తలుపు దగ్గరికే వేసి ఉంది, గడియ పెట్టలేదు, వస్తూనే చూసుకున్నాను.

ఇది మూడో గురువారం. మొదటి గురువారం ఎంత తెలివితక్కువగా వచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. పిల్లల ఆసుపత్రి నర్సు చీటీ మీద రాసిచ్చింది, కంటి కదలికల చికిత్స అని. నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగం. నాకు అందులో కన్ను కనపడింది, చికిత్స కనపడింది, నా కళ్ళలో ఏదో లోపం పట్టుకున్నారు అనుకున్నాను. సీసాలు చూసేవాళ్ళకి ఆర్నెల్లకోసారి కళ్ళ పరీక్ష ఉంటుంది, అందులో తప్పితే అట్టపెట్టెల విభాగానికి తోసేస్తారు. అందుకని చీటీ బియ్యం డబ్బాలో దాచిపెట్టి, ఫ్యాక్టరీలో గోడకున్న అక్షరాల అట్టను కింది వరస దాకా కంఠతా పట్టి, ఈ గదిలోకి అడుగుపెట్టగానే అట్ట ఎక్కడుందా అని నాలుగు గోడలూ వెతికాను. లేదు. నిలబడే చెప్పేశాను, నా కళ్ళు బాగున్నాయండీ, వెంట్రుకలో సగమున్న నలకనైనా పట్టేస్తాను అని. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నవ్వాల్సిన చోట నవ్వని మనిషిని నమ్మడం కష్టం. "మీ కళ్ళకేం కాలేదమ్మా. వాటి సాయం తీసుకుందాం, అంతే," అంది. ఎవరైనా సాయం తీసుకుందాం అంటే నాకు వెంటనే అనుమానం, ఎవరికి ఎవరు చేసే సాయం అని. తర్వాత చెప్పింది, బాగా భయపడినప్పటి జ్ఞాపకం కొందరికి గొంతులో ఇరుక్కున్న ముద్దలా ఉండిపోతుందట, కిందికి దిగదు, బయటికి రాదు, దాన్ని తలుచుకుంటూ కళ్ళు ఇలా అటూ ఇటూ కదిలిస్తుంటే మెల్లగా దిగుతుందట. గొంతు, ముద్ద. ఆ పోలిక నా కోసం ఎంచి తెచ్చిందని నా నమ్మకం. కళ్ళు కదిలితే ఎందుకు దిగుతుంది అని అడిగాను. ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలియదు, దిగడం మాత్రం చాలామందిలో చూశాం అంది. మా ఫ్యాక్టరీలో ఆ మాట అంటే బ్యాచి మొత్తం పారబోయిస్తారు.

వేళ్ళు ఆగాయి.

"ఊపిరి తీసుకోండి. ఇప్పుడు ఏం వచ్చింది?"

"ఏం రాలేదు."

"సరే. దాంతోనే వెళ్దాం."

ఇదీ ఈవిడతో చిక్కు. నిజం చెప్పినా సరే దాంతోనే వెళ్దాం, అబద్ధం చెప్పినా సరే దాంతోనే వెళ్దాం. బళ్ళో టీచరైతే అబద్ధానికి అరచెయ్యి చాపమనేది. అసలు బళ్ళో నా గోల అంతా కళ్ళతోనే, చూపు ఎక్కడుందే అని అరిచేది టీచరు, నా చూపు ఎప్పుడూ కిటికీలోంచి అవతల ఇల్లు కడుతున్నవాళ్ళ మీద ఉండేది, ఇటుక కింద నుంచి పైకి, పై నుంచి ఇంకా పైకి. కళ్ళు కదిలితే అక్కడ బెత్తం. ఇక్కడ కదలకపోతే మందలింపు. వేళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. అత్తయ్య మొహం వస్తోంది, వద్దనుకున్నా వస్తోంది, నెలాఖరుకి వస్తానంది, వచ్చి బుడగను తీసుకుపోతానంది. బుడగ అంటే మా అమ్మాయి. పుట్టినప్పుడు బుగ్గలు చూసి ఆ పేరు పెట్టింది అత్తయ్యే. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలుస్తుంటే చుట్టుపక్కలవాళ్ళు వెక్కిరింత అనుకుంటున్నారు, చిక్కి చీపురుపుల్లయింది. రెండున్నరేళ్ళు దానికి. నోట్లో పళ్ళన్నీ వరసగా ఉన్నాయి, వాటితో ఏం చెయ్యాలో దానికి తెలియదు. నేను పెట్టేది వడకట్టిన జావ, వడకట్టిన పప్పునీళ్ళు, వడకట్టిన పాలు. ఏది వండినా రెండుసార్లు గుడ్డలో వడకడతాను, మూడోసారి దీపం ముందు పెట్టి చూస్తాను. పిల్లల డాక్టరు బరువు చూసి పెదవి విరిచింది, ఇంక నమలడం నేర్పకపోతే దవడే అలవాటు తప్పుతుందమ్మా అంది. అత్తయ్య అంత మెత్తగా అనలేదు. "నీ భయం నీ దగ్గర పెట్టుకో, నా మనవరాలిని నాకిచ్చెయ్. నెల్లో తినిపించి చూపిస్తా," అంది ఫోన్లో. మా ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయన అవునని చెప్పే పద్ధతి. అత్తయ్య ఊరికి బస్సులో తొమ్మిది గంటలు. నెల అంటే నెలా? నాకు తెలుసు, నెల తర్వాత ఇంకో నెల అంటారు, అది అక్కడ నమలడం నేర్చుకుంటుంది, మాటలు నేర్చుకుంటుంది, ఇక్కడికి వచ్చి నన్ను ఎవరీవిడ అన్నట్టు చూస్తుంది. అందుకే ఈ కుర్చీలో కూర్చున్నాను. నమ్మి కాదు. నెలాఖరులోపు నా చేతికి దాని నోట్లో ఒక ముక్క పెట్టే ధైర్యం రావాలి, ఎవరు తెప్పించినా సరే, మంత్రంతో తెప్పించినా వేళ్ళతో తెప్పించినా. ఇంకో అనుమానం కూడా ఉంది, ఈవిడ పక్కన పెట్టుకున్న లావుపాటి పుస్తకంలో ఏం రాస్తోందని. ఈ తల్లి పనికిరాదు అని ఒక్క ముక్క రాసి మా ఆయన చేతిలో పెడితే చాలు, అత్తయ్యకు బస్సు టిక్కెట్టు కూడా అక్కర్లేదు, ఎగిరొచ్చేస్తుంది.

పోయినసారి ఈవిడ అడిగింది, ఆ రోజు అంతటిలో అన్నిటికంటే భయం పుట్టించే బొమ్మ ఏదని, దానికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని. పది అన్నాను. బళ్ళో ఎందులోనూ రాని పదికి పది ఇక్కడ వచ్చాయి. ఆ బొమ్మ చూస్తే మీ గురించి మీకు ఏ మాట తోస్తుంది అని అడిగింది. వదిలేసి పోయినదాన్ని అన్నాను. అనగానే నాలిక కరుచుకున్నాను, ఎందుకంటే ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడ దాన్ని మెల్లగా రాసుకుంది. దాని బదులు ఏ మాట తోస్తే బాగుంటుంది అంది, నేను చేయగలిగింది చేశాను, అలాంటిదేమైనా, అని అందించబోయింది. అది తప్పు చేసి దొరికిపోయినవాళ్ళు చెప్పే మాట. నాకొద్దు అన్నాను. చాలాసేపు వెతికి, నా బిడ్డకు నేనే తినిపించుకోగలను అని చెప్పాను. ఇది ఎంత నిజమనిపిస్తోంది, ఏడుకి ఎంత, అంది. మళ్ళీ మార్కులు. ఒకటి అన్నాను.

కళ్ళు వెళ్తున్నాయి, వస్తున్నాయి. రైలు కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు చూడండి, వచ్చినవాటిని పట్టుకోకండి, పోనివ్వండి అంది. నాకు రైలు కాదు, సీసా గుర్తొస్తోంది. పనిలో చేరిన మొదటి రోజు మా సూపర్‌వైజరు నేర్పింది, సీసా ఊరికే చూస్తే ఏమీ తెలియదు, గిరుక్కున తిప్పి టక్కున ఆపాలి. గాజు ఆగుతుంది, లోపలి మందు ఆగదు, ఇంకా తిరుగుతూ ఉంటుంది. మందుతో పాటు తిరిగేది నలక, బయటి నుంచి వచ్చి పడ్డది. గాజుతో పాటు ఆగిపోయేది గీత, అది సీసాదే, సీసా పుట్టుకలోనే ఉంది. నలకకి ఒక బుట్ట, గీతకి ఇంకో బుట్ట, ఒకదాన్ని తెచ్చి ఇంకోదాంట్లో వేస్తే ఆ రోజు లైనంతా చీవాట్లు. మొదట్లో నాకు అన్నీ గీతల్లాగే కనపడేవి. ఆపడం రాదు కదా, చెయ్యి వణికేది.

ఆ రోజు రెండో షిఫ్టు నాది. ఇది ఆవిడకు చెప్పడం లేదు, నాలో నేను అనుకుంటున్నాను. వేళ్ళు తిరిగినంతసేపూ ఆవిడ మాట్లాడదు, నన్నూ మాట్లాడమనదు, అదొక్కటే ఈ వైద్యంలో నాకు నచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట. పిల్లని కొన్నాళ్ళు చూసుకోవడానికి ఊరి నుంచి అత్తయ్య వస్తానన్నది, బస్సు ఆలస్యం. అప్పటికి బుడగకు పద్నాలుగు నెలలు. చాప మీద కూర్చుని ఉంది. నేను ద్రాక్షపళ్ళు నిలువునా రెండేసి ముక్కలు కోసి స్టీలు గిన్నెలో వేస్తున్నాను, ఒక చూపు కత్తి మీద, ఒక చూపు గడియారం మీద. ఒకటి కొయ్యకుండా గిన్నెలో పడింది. వేలెడు సీసాలో నలక పట్టే కళ్ళు, ఎదుట ఉన్న ద్రాక్షపండుని పట్టలేదు. చప్పుడు కాలేదు. తర్వాత నర్సు చెప్పింది, దగ్గుతుంటే గాలి ఆడుతున్నట్టే, చప్పుడు లేకపోతేనే భయపడాలి అని. అప్పుడు నాకు తెలియదు. చప్పుడు లేదని నేను తలెత్తలేదు. తలెత్తేసరికి నోరు తెరిచి ఉంది, కళ్ళు నన్నే చూస్తున్నాయి, పెదాల రంగు మారుతోంది. వేలు పెట్టాను. తగిలింది, జారింది, ఇంకా లోపలికి పోయింది. ఆ తర్వాత బొమ్మే. మెట్ల దగ్గర ఇనప కమ్మీ, ఆకుపచ్చ రంగు పెచ్చులూడి లోపలి తుప్పు కనపడుతోంది, దాన్ని పట్టుకున్న నా ఎడమచెయ్యి. అంతే. బొమ్మ అక్కడికి తెగిపోతుంది. పిల్ల లోపల ఉంది, నేను బయట ఉన్నాను. నా నోరు తెరిచి ఉంది, గొంతు లేదు. ఒక్క పిలుపు పిలవలేదు. కింది అంతస్తులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరక్క పరిగెత్తుకొచ్చి, నన్ను దాటుకుని లోపలికి పోయి, బుడగను తొడ మీద బోర్లా వేసి వీపు మీద గట్టిగా నాలుగు చరిచింది. పండు బయటపడింది. ఏడుపు వినపడింది. అందరూ అనుకుంటారు నేను సాయం కోసం బయటికి పరిగెత్తానని. టైలరక్క కూడా అదే చెప్తుంది ఎవరడిగినా, "ఆ మోతకి మిషనాపి పరిగెత్తానమ్మా, ఇంకో నిమిషం ఆలస్యమైతే ఇంకేముంది," అని. మంచి మనిషి, నా పరువు కాపాడుతోంది అనుకుంటాను. నాకు తెలుసు కదా. చచ్చిపోతున్న బిడ్డను చూడలేక పారిపోయాను. ఏడాదీ నాలుగు నెలలు, ఆ కమ్మీ, ఆ తుప్పు, ఆ ఎడమచెయ్యి.

"ఏం వచ్చింది?"

"కమ్మీ."

"దాంతోనే వెళ్దాం. ఆపాలనిపిస్తే చెయ్యెత్తండి."

ఎత్తను. చెయ్యెత్తితే పుస్తకంలో రాసుకుంటుంది, భయపడి ఆపింది అని. వేళ్ళు ఇప్పుడు కొంచెం వేగంగా పోతున్నాయి, లేకపోతే నా కళ్ళే మందగించాయో. ఎడమ అంచున కమ్మీ ఉంది. కళ్ళు కుడికి పోతే కమ్మీ ఉండదు, ఈ గది గోడ ఉంటుంది, గోడ మీద చెట్టు బొమ్మ ఉన్న క్యాలెండరు. మళ్ళీ ఎడమకి, కమ్మీ. కుడికి, గోడ. గొంతులో గట్టిగా ఏదో అడ్డుపడ్డట్టుంది, మింగుతున్నాను, దిగడం లేదు. ఈవిడే చేస్తోంది ఇది, ఏదో మత్తు పెడుతోంది, మత్తంటే ఇలాగే ఉంటుందేమో, కానీ బయట ఎవరో తడి బూట్లతో నడుస్తున్న చప్పుడు స్పష్టంగా వినపడుతోంది, మత్తులో ఉన్నవాళ్ళకి బూట్లు తడివని తెలుస్తుందా? ఎడమ, కమ్మీ. కుడి, గోడ. ఎడమ, కమ్మీ. కుడి, గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. కుడిచెయ్యి ఉంది. నా కుడిచెయ్యి. ఇన్నాళ్ళూ ఎడమచెయ్యి దగ్గర తెగిపోయే బొమ్మకి కుడివైపు ఉందని నాకెప్పుడూ తోచలేదు. అది పైకి లేచి ఉంది, అందులో ఏదో మెరుస్తోంది. లేచింది, పడింది, లేచింది, పడింది, కమ్మీ అదురుతోంది, ఎడమ అరచేతిలోకి ఆ అదురు వస్తోంది, మోచేతి దాకా, పళ్ళ దాకా. గిన్నె. ద్రాక్షపళ్ళ గిన్నె నా చేతిలోనే ఉంది. గొంతు రాకపోతే గిన్నెతో కొట్టాను. కమ్మీని కొట్టాను, కింది దాకా దిగే ఒకే ఇనప కమ్మీ.

చెయ్యి ఎత్తాను. భయపడి కాదు. ఆవిడ వేళ్ళు వెంటనే దిగిపోయాయి.

"గిన్నె," అన్నాను. "నా చేతిలో గిన్నె ఉంది. కొడుతున్నాను."

 నేను ఆవిడ మొహాన్ని నల్లట్ట ముందు సీసాలాగా చూశాను, ఎక్కడైనా ఒక చిరునవ్వు తేలుతోందా, పడిందిరా వలలో అన్నట్టు ఏమైనా కదులుతోందా అని. లేదు.

"ఇది మీరే పెట్టారు కదా నా బుర్రలో?"

"గిన్నె సంగతి నాకు తెలియదమ్మా. మీరు ఎప్పుడూ చెప్పలేదు."

"అయితే ఇది నిజంగా జరిగిందా?"

"నేను అక్కడ లేను కదా," అంది ఆవిడ. "జరిగిందని నేను చెప్పలేను. జరగలేదనీ చెప్పలేను. ఇలా వచ్చినవన్నీ నిజమే అవ్వాలని కూడా లేదు."

మూడు గురువారాల్లో ఈవిడ నోట నేను నమ్మిన మొదటి మాట అది. ఓదార్చాలనుకున్న మనిషైతే జరిగిందమ్మా, తప్పకుండా జరిగింది, నువ్వు మంచి తల్లివి అని వీపు నిమిరి ఉండేది, నేను లేచి వెళ్ళిపోయి ఉండేదాన్ని. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాను. సరే, ఈవిడకు తెలియదు, నాకూ తెలియదు, అయితే చూడాలి, చూడటమే కదా నా పని. మా ఇంట్లో ఆ గిన్నె అంచు చొట్టలు పడి ఉంది. కొత్త గిన్నె ఇంతలో ఇలా అయిందేమిటని అత్తయ్య అడిగితే కింద పడిందన్నాను, పడిందనే అనుకున్నాను కూడా. చొట్టలు మూడు, పక్కపక్కనే. ఒక్కసారి కింద పడితే మూడు పడతాయా? ఇంకోటి. టైలరక్క అనే మాట. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట, ఆ మోతకి మిషనాపాను అని. నీ అరుపుకి అనలేదు, నీ కేకకి అనలేదు. మనిషి గొంతుకి ఎవరైనా మోత అంటారా? అరుపంటారు, కేకంటారు, గోలంటారు. మోత ఇనుముకి. ఏడాదీ నాలుగు నెలలు ఆ మాట నా చెవిన పడుతూనే ఉంది, నేను దాన్ని జాలితో అన్న మాటల బుట్టలో వేసి పక్కకు నెట్టాను. ఆగు, మళ్ళీ అనుమానం, అక్క నిజంగా మోత అనే అందా, లేక ఇప్పుడు నాకు కావాలని నేను అతికిస్తున్నానా? అడగాలి. ఇవాళే మెట్లెక్కేటప్పుడు అడగాలి, ఏ మోత అక్కా అని, నేను గిన్నె అనకుండా అడగాలి, అందిస్తే అవునంటుంది.

"ఇంకొకసారి వెళ్దామా?" అంది ఆవిడ.

వెళ్ళాను. ఈసారి చూడాలని వెళ్ళాను, పోనివ్వడానికి కాదు. కమ్మీ వచ్చింది. కుడిచెయ్యి వచ్చింది. మెట్ల మీద ఎక్కి వస్తున్న టైలరక్క తల వచ్చింది, చెవి మీద కుట్టుదారం ముక్క అంటుకుని ఉంది, ఇది నాకెప్పుడూ గుర్తులేదు. ఆమె నన్ను దాటలేదు, నేనే లోపలికి చెయ్యి చూపించాను. ఆమె వెనకే లోపలికి వెళ్ళాను. బుడగ వీపు మీద ఆమె చెయ్యి పడుతుంటే నేను దాని తల పట్టుకుని ఉన్నాను, నా అరచేతిలో దాని నుదురు, చెమట. వేళ్ళు ఆగిపోయాయి. ఆవిడ చెయ్యి దిగి ఒళ్ళో పడింది. బొమ్మ ఆగలేదు. ఇంకా తిరుగుతోంది, మెట్లు, దారం, నుదురు, చాప, దొర్లిపోయిన పండు, మెల్లమెల్లగా, సీసా ఆపాక మందు తిరిగినట్టు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఇన్నాళ్ళూ కదలలేదు గనక అది గీతే అనుకున్నాను, నా గాజులోనే ఉందనుకున్నాను, ఆ బుట్టలోనే వేశాను నన్ను. కదులుతోంది. పొరబాటున వేశానా? చెయ్యి వణికి సరిగ్గా ఆపలేకపోతే గీత కూడా ఒక్కోసారి కదిలినట్టే కనపడుతుంది, తొందరపడకూడదు, రెండోసారి తిప్పి చూడాలి, మూడోసారి తిప్పి చూడాలి. అది మా పనిలో రూలు. కాగితపు రుమాలు నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. ముందే సగం లాగి ఉన్నదే తీసుకున్నాను. ఆవిడ లెక్కే గెలిచింది.

ఏం వచ్చిందంటే నుదురు సంగతి చెప్పాను. మళ్ళీ మార్కులు అడిగింది. ఆ కమ్మీకి ఇప్పుడు పదికి ఎంత అని. నాలుగు అనిపించింది. నాలుగంటే ఆవిడ సంతోషపడిపోతుందేమోనని ఐదు అన్నాను. నేనే తినిపించుకోగలను అన్న మాట ఏడుకి ఎంత నిజం అన్నదానికి మూడు అన్నాను, అది మాత్రం నిజమే. తల నుంచి పాదాల దాకా ఎక్కడైనా బిగుతుగా ఉందా చూసుకోండి అంది. గొంతు దగ్గర ఇంకా కొంచెం ఉంది, కానీ ముద్దలా లేదు, మందుబిళ్ళ మింగాక కాసేపు ఉన్నట్టే అనిపిస్తుంది చూడండి, అలా ఉంది. చెప్పలేదు. ఇంకా మిగిలింది, వచ్చే వారం చూద్దాం, ఈలోపు కలలు రావచ్చు, ఏమైనా కొత్తగా గుర్తొస్తే రాసి పెట్టుకోండి అంది.

"రాస్తే ఎవరు చదువుతారు?"

"మీరే."

"మీ పుస్తకంలో ఏం రాశారు మరి?"

ఆవిడ పుస్తకం నా వైపు తిప్పింది. నేనేమీ అడగకపోతే తిప్పేది కాదు, అది గుర్తు పెట్టుకున్నాను. పేజీలో సగం అంకెలే, కింద ఒక వరస, గిన్నె, చప్పుడు, కూతురి నుదురు. పనికిరాదు అన్న మాట ఎక్కడా లేదు. వెనక పేజీలో ఉందేమో.

తలుపు తీశాను. వరండాలో చెక్క బల్ల మీద మా ఆయన, పక్కన బుడగ, దాని పిడికిట్లో తొక్క తీసిన అరటిపండు. నన్ను చూడగానే ఆయన మొహం అన్నం గిన్నెలో తల పెట్టిన పిల్లి మొహమైంది.

"నేను ఇవ్వలేదే. అదే లాక్కుంది," అన్నాడు. "నేను తింటుంటే చేతిలోంచి లాక్కుంది. లాక్కుంటే ఏం చెయ్యను, దానితో కొట్లాడనా?"

బుడగ ముందుపళ్ళతో కుందేల్లా కొరుకుతోంది, పక్కపళ్ళతో నమలాలని దానికి ఎవరూ చెప్పలేదు. బుగ్గలో ముక్క ఉంది, ఉబ్బెత్తుగా.  వరండా చివర మెట్లు ఉన్నాయి, వాటికీ ఓ కమ్మీ ఉంది. అప్పుడే అది దగ్గింది. ఒకసారి, రెండుసార్లు, మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు. మా ఆయన సగం లేచాడు. లేచి నా వైపు చూశాడు, దాని వైపు కాదు. నేను దాని ఎదుట మోకాళ్ళ మీద ఉన్నాను. ఎలా వచ్చానో, ఎన్ని అడుగులు వేశానో అడిగితే చెప్పలేను. వేలు పెట్టాలని చెయ్యి లేచింది, ఆ చేతిని తెచ్చి దాని మోకాలి మీద పెట్టాను.

"దగ్గు. దగ్గు తల్లీ. ఇంకా దగ్గు."

దగ్గింది. చప్పుడుతో, బాగా చప్పుడుతో. మెత్తటి ముక్క పెదవి మీదికి వచ్చింది. తీసి పారేస్తానేమోనని నన్ను అనుమానంగా చూసి, బొటనవేలితో మళ్ళీ లోపలికి తోసుకుంది. నమిలింది. ఎంతసేపు నమిలిందో, ఆయన కూర్చోవడం కూడా మర్చిపోయాడు. గొంతు కదిలింది. దిగింది.

ఆ తర్వాత పిడికిట్లో నలిగి గుజ్జయిన పండుని నా నోటి దగ్గర పెట్టింది. తలుపు వైపు వీపు పెట్టి ఉన్నాను గనక ఆ డాక్టరమ్మ చూస్తోందో లేదో నాకు తెలియదు, చూస్తూనే ఉంటుంది. నోరు తెరిచాను. గుజ్జు, దాని గోళ్ళ మట్టి, దాని ఉమ్మి, అన్నీ కలిపి పెట్టింది. నమిలాను. అది నా గొంతు వైపే చూస్తోంది, కనురెప్ప వెయ్యకుండా.

"మింగావా?" అంది.

రోజూ ప్రతి చెంచాకీ నేను దాన్ని అడిగే మాట, అదే సాగదీత, అదే నమ్మకం లేకపోవడం.

"మింగాను."

"ఆ అను."

ఆ అన్నాను. సరిపోలేదు దానికి. బల్ల మీద లేచి నిలబడి, రెండు జిగట చేతులతో నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, నాలిక కింద, బుగ్గల్లో, ఆ మూల, ఈ మూల, చాలాసేపు చూసింది.